గ్లోబు లేదా? కమలాపండు చాలు

గోడ మీది ప్రపంచ పటం చూసి మా మేనల్లుడు "మావయ్యా, గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత ఉందేంటి?" అని పట్టుకున్నాడు. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. మన దేశం కూడా గ్రీన్‌లాండ్ కంటే పెద్దదే. నోటితో చెబితే వాడికి ఎక్కలేదు. గ్లోబు కొనే బదులు, శ్రీకాకుళం బజారులో తెచ్చిన కమలాపండ్లలో ఒకటి తీశాను.

తొడిమను ఉత్తర ధ్రువం అనుకోండి. నడుం చుట్టూ బాల్‌పెన్నుతో భూమధ్యరేఖ, పై నుంచి కిందికి 6 నిలువు గీతలు గీయండి. గీతల వెంట పైనుంచీ కిందనుంచీ చాకుతో కోస్తూ, నడుం దగ్గర అర అంగుళం వదిలేయండి. ఒక్క గీత మాత్రం పూర్తిగా కోసి, తొక్క మెల్లగా ఊడదీసి బల్ల మీద అరచేత్తో నొక్కండి. నడుం అతుక్కునే ఉంటుంది, కొసలు మాత్రం రేకుల్లా విడిపోతాయి. ఆ సందులు పూడ్చడానికే పటంలో పై భాగాన్ని అడ్డంగా సాగదీస్తారు. 1569లో మెర్కేటర్ అనే పటాల తయారీదారు తెచ్చిన పద్ధతిలో ఆకారం చెడకుండా నిలువుగానూ లాగుతారు. అందుకే భూమధ్యరేఖ నుంచి 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవు 2 రెట్లు, వైశాల్యం 4 రెట్లు కనిపిస్తుంది. మన శ్రీకాకుళం 18 డిగ్రీల దగ్గరే కాబట్టి పెద్దగా ఉబ్బదు.

ఈ లెక్క అన్ని పటాలకీ పనికిరాదు. నిలువు గీతలు తిన్నగా ఉండి, అడ్డగీతల మధ్య ఎడం పైకి పోయేకొద్దీ పెరుగుతుంటేనే వాడండి. బత్తాయి జోలికి మాత్రం వెళ్లకండి, తొక్క ముక్కలై చేతికొస్తుంది.