కొత్త సోలార్ హీటర్ కొనే ముందు ఒక్క రాత్రి వేడినీళ్ల వాల్వు కట్టి చూడండి

డిసెంబరు వచ్చిందంటే హైదరాబాదులో నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకేలా ఉంటాయి. "సాయంత్రం నీళ్లు కాలిపోతున్నాయండీ, తెల్లవారి ఆరింటికి గోరువెచ్చగా కూడా రావడం లేదు. ట్యూబులు పోయినట్టున్నాయి. మార్చేస్తారా, లేక తక్కువలో కొత్తది చూపిస్తారా?" ఎండకు నీళ్లు కాచేవి ఆ గాజు ట్యూబులే, అవి పోతే సాయంత్రం నీళ్లెలా కాలాయని ఎవరూ ఆలోచించరు. బాత్రూంలో కుళాయి చల్లగా ఉంటే డాబా మీద హీటరు చెడిందనే అనుకుంటారు. ఈ రెంటికీ మధ్య మూడంతస్తుల పైపులున్నాయి. తప్పు ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.

సాయంత్రం వేడి, ఉదయం చల్లన

ముందు రాత్రిపూట వేడినీళ్లు ఎంత వాడుతున్నారో చూసుకోండి. మీరు ఎంత తీస్తే అంత చల్లనీరు ట్యాంకులోకి వచ్చి చేరుతుంది, దాన్ని కాచడానికి రాత్రి ఎండ ఉండదు. పది గంటలకు ముగ్గురు షవర్ స్నానం చేసి, ఉదయం మళ్లీ నలుగురికి నీళ్లు కావాలంటే వంద లీటర్ల ట్యాంకు సరిపోదు. అది హీటరు లోపం కాదు.

వాడకం మామూలుగానే ఉంటే ఈ పరీక్ష చేయండి. రాత్రి పడుకునే ముందు డాబా ఎక్కి, సోలార్ ట్యాంకు నుంచి ఇంట్లోకి దిగే వేడినీళ్ల పైపు వాల్వు పూర్తిగా కట్టేయండి. తెల్లవారి తెరిచి, పైపులో నిలిచిన చల్లనీరు పోయేదాకా వదిలి, బకెట్ పట్టండి. నీళ్లు వేడిగా ఉంటే మీ ట్యాంకు, ట్యూబులు భేషుగ్గా ఉన్నాయి. ట్యాంకులో వేడి రాత్రికి రాత్రి ఇంటి పైపుల్లో ఎక్కడో పోతోంది. ఐదు నిమిషాల ఈ పని చేయకుండా వేల రూపాయలు ఖర్చు పెట్టిన ఇళ్లు ఎన్నో చూశాను.

ఆ వేడి పోయే దారి చాలాసార్లు బాత్రూంలో వేడినీళ్లు, చల్లనీళ్లు కలిపి ఇచ్చే మిక్సర్ కుళాయే.

నాకిది తెలిసింది వనస్థలిపురంలో ఒక ఇంట్లో. ఇరవై ట్యూబుల హీటరు. ట్యూబులన్నీ మార్చాను, రబ్బరు రింగులు మార్చాను, ట్యాంకు కడిగాను. నాలుగు రోజులకు మళ్లీ అదే ఫిర్యాదు. చివరికి ఒకరోజు తెల్లవారుజామున డాబా మీద నిలబడి పైపులన్నీ చేత్తో తడిమాను. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి సోలార్‌కు చల్లనీరు తెచ్చే పైపు వెచ్చగా తగిలింది. ఆ వేళకు అది చల్లగా ఉండాలి. వెచ్చగా ఉందంటే సోలార్‌లోని వేడినీరు ఆ దారిన వెనక్కి నడుస్తోందన్నమాట. కింద ఒక్కో బాత్రూం వెతికితే, మొదటి అంతస్తులో హ్యాండ్ షవర్ దొరికింది. మిక్సర్ రెండు పిడులూ తెరిచే ఉన్నాయి. నీళ్లు ఆపడానికి వాళ్లు షవర్ మీద మీట మాత్రం నొక్కుతున్నారు. ఆ ఇంటివారి డబ్బు నావల్లే దండగైంది. కూలి తీసుకోలేదు కానీ, ట్యూబుల ఖర్చు వాళ్లకు పడనే పడింది.

జరిగేది ఇది. మిక్సర్‌లో వేడి పిడి, చల్ల పిడి రెండూ తెరిచి ఉండి, నీళ్లు బయటికి వచ్చే దారి మాత్రమే మూసి ఉంటే, రెండు లైన్లూ అక్కడ కలిసిపోతాయి. ఇప్పుడు చాలా ఇళ్లలో షవర్ ధార బాగా రావాలని చల్లనీళ్ల లైనుకు ప్రెషర్ పంపు పెట్టించుకుంటున్నారు. సోలార్ లైనులో ఉండేది డాబా ఎత్తు ఇచ్చే ఒత్తిడి మాత్రమే. పంపు ఆడిన ప్రతిసారీ చల్లనీరు మిక్సర్ దాటి, వేడి పైపులో పైకెక్కి, సోలార్ ట్యాంకులోకి దూరుతుంది. లోపలున్న వేడినీరు ఓవర్‌హెడ్ ట్యాంకులోకో, సోలార్ ట్యాంకు మీద గాలి కోసం తెరిచి ఉంచే ఎయిర్ పైపు నుంచి డాబా మీదికో పోతుంది. ఎయిర్ పైపు కింద ఎప్పుడూ తడి ఉంటే అనుమానించాల్సింది దీన్నే. పంపు లేని ఇంట్లోనూ నష్టం తప్పదు. పక్కన చల్లనీళ్ల కుళాయి తిప్పితే, కలిసిన లైన్లలోంచి వేడినీరు దాని వెంట కారిపోతుంది. గోరువెచ్చటి నీళ్ల కోసం మిక్సర్‌కు కలిపిన హెల్త్ ఫాసెట్ (టాయిలెట్ పక్కనుండే చేతి స్ప్రే) కూడా ఇలాంటిదే.

పరిష్కారానికి మొదట ఖర్చేమీ లేదు. వాడాక మిక్సర్ రెండు పిడులూ కట్టేయాలని ఇంట్లో పిల్లలతో, పెద్దలతో, అద్దెకున్నవారితో సహా అందరికీ చెప్పండి. వారం పాటు పాటిస్తే తేడా తెలుస్తుంది. అందరూ పాటించరనుకుంటే ప్రతి మిక్సర్‌కు ముందు వేడినీళ్ల పైపులో నాన్ రిటర్న్ వాల్వు, అంటే నీటిని ఒకే వైపుకు పోనిచ్చే వాల్వు, వేయించండి. ఇక్కడ ప్లంబర్లు తరచుగా పొరపడతారు. స్ప్రింగు రకం వేస్తే, డాబాకు దగ్గరగా ఉండే పై అంతస్తులో దాన్ని తెరిచేంత ఒత్తిడి ఉండక ధార సన్నబడుతుంది. లోపల రేకు ఊగే ఇత్తడి రకం కావాలి. దాన్ని అడ్డంగా పోయే పైపులోనే, బాణం గుర్తు నీరు పోయే వైపుకు ఉండేలా బిగించాలి. నిలువుగా దిగే పైపులో పెడితే రేకు తెరుచుకుని వేలాడుతుంది, పెట్టీ ప్రయోజనం ఉండదు.

ఈ తప్పును ఏళ్ల తరబడి దాచేది, ఎండ లేని రోజుల కోసం ట్యాంకులో పెట్టే కరెంటు హీటరు. వంద లీటర్లను 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచడానికి దాదాపు 4.6 యూనిట్లు కావాలి. ఉదయం స్విచ్ వేస్తే నీళ్లు వేడెక్కుతాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు, బిల్లు మాత్రం పెరుగుతుంది. పరీక్ష చేసే రోజుల్లో ఆ స్విచ్ ఆపి ఉంచండి.

వాల్వు కట్టినా ఉదయానికి చల్లబడితే అప్పుడు ట్యాంకు చుట్టూ ఉండే ఫోమ్ తడిసిందేమో చూడాలి. ఇది అరుదు.

సాయంత్రం కూడా వేడెక్కదు

ట్యూబుల మీద దుమ్ము తుడవండి. తర్వాత నీడ చూడండి. మే నెలలో చూసి నీడ లేదనుకోవద్దు. హైదరాబాదులో అప్పుడు మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరు చివర మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా దక్షిణాన 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. దక్షిణం వైపు పక్కింటివారు వేసుకున్న కొత్త అంతస్తు చలికాలంలోనే అడ్డొస్తుంది.

బోరు నీళ్ల ఇళ్లలో ట్యూబుల అడుగున ఉప్పు పేరుకుంటుంది. ఏటా ఒకసారి విప్పి కడిగిస్తే చాలు. ట్యూబు అడుగున వెండిలా మెరిసే పూత తెల్లబడితే, దాని రెండు గాజు పొరల మధ్య వేడిని ఆపే శూన్యం పోయినట్టు. ఆ ఒక్కటీ మార్చండి. ఇరవైలో ఒకటి పోయినంత మాత్రాన నీళ్లన్నీ చల్లబడవు.

నీళ్లు వేడిగా ఉన్నా ధార సన్నగా వస్తుంటే పైపులో గాలి నిలిచిందో, ఉప్పు పట్టిందో చూడండి. దాన్ని ప్లంబరు అరగంటలో తేలుస్తాడు.

నిజంగా కొత్తది కావాలంటే

60 డిగ్రీల నీటికి సమానంగా 20 డిగ్రీల చల్లనీరు కలిపితే స్నానానికి సరిపడే 40 డిగ్రీలు వస్తుంది. అంటే వంద లీటర్ల ట్యాంకు ఇరవై లీటర్ల బకెట్లు పది ఇస్తుంది. బకెట్ స్నానం చేసే నలుగురికి అది చాలు, రెండు వందలది అనవసరం. షవర్లు వాడే ఇంటికే రెండు వందలది కావాలి. బోరు నీళ్లయితే ట్యూబుల రకమే తీసుకోండి. ట్యూబులకు బదులు అద్దం కింద రాగి పైపులుండే ఫ్లాట్ ప్లేట్ రకం మంచినీళ్లకు బాగా మన్నుతుంది కానీ, ఆ సన్నని పైపుల్లో ఉప్పు పడితే కడగడం కష్టం. తక్కువ ధరకు వచ్చే మామూలు ట్యాంకుకు చల్లనీరు ప్రెషర్ పంపు లైను నుంచి ఇవ్వకండి, అతుకులు విడిపోతాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి నేరుగా వేరే పైపు దింపించండి. బిగించే రోజున, ఎండలో ఖాళీగా కాలిన ట్యూబుల్లోకి మధ్యాహ్నం నీళ్లు వదలనివ్వకండి, అద్దం పగులుతుంది. పొద్దుగూకి ట్యూబులు చల్లబడేదాకా ఆగమనండి.