బాల్ లాంచర్‌తో కుక్కను ఆడిస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

లాబ్రడార్ ఉన్న ఇంట్లో ఇది రోజూ ఉండేదే. కిందికి తీసుకెళ్ళి బంతి విసరడం మొదలుపెడితే కాసేపటికే మన భుజం పీకుతుంది, బంతి నిండా చొంగ, ఆ చెయ్యి ప్యాంటుకి తుడుచుకోవడం, అది మాత్రం ఇంకా తోక ఊపుతూ ఎదురుగా నిలబడే ఉంటుంది. బాల్ లాంచర్ అంటే చివర బంతి పట్టే గుంట ఉన్న ప్లాస్టిక్ కర్ర, అంతే. కానీ అది చేతికొచ్చాక వంగక్కర్లేదు, చొంగ ముట్టుకోనక్కర్లేదు, బంతి చేత్తో విసిరినదానికన్నా చాలా దూరం పోతుంది. అసలు చిక్కూ అక్కడే ఉంది. ఇన్నాళ్ళూ మన భుజం నొప్పే కుక్కకి బ్రేకు. ఇప్పుడా బ్రేకు లేదు కాబట్టి ఎప్పుడు ఆపాలో మనమే చూసుకోవాలి, లాబ్రడార్ తనంతట తాను ఆపదు.

కొనేటప్పుడు పొడవు, బంతి సైజు చూస్తే చాలు. చకిట్ అనే బ్రాండు కర్ర మీద 26ఎం అని ఉంటే 26 అంగుళాల పొడవు, మీడియం బంతి అని అర్థం. మీడియం అంటే రెండున్నర అంగుళాలు, అంటే మనం గల్లీ క్రికెట్ ఆడే టెన్నిస్ బాల్ సైజే. కర్ర పొడవుగా ఉంటే బంతి ఎక్కువ దూరం పోతుంది, కానీ మీకున్నది అపార్ట్‌మెంట్ వెనకాల ఖాళీ జాగా అయితే అంత దూరం ఎందుకు చెప్పండి, బంతి పక్కవాళ్ళ కాంపౌండ్‌లో పడుతుంది, వాచ్‌మన్‌ని బతిమాలుకోవాల్సి వస్తుంది. చిన్న స్థలానికి 18 అంగుళాలది చాలు.

టెన్నిస్ బాల్ సరిపోతుంది కదా అని చాలామంది దాన్నే వాడేస్తారు. ఎప్పుడైనా ఒకసారి అయితే పర్లేదు, రోజూ మాత్రం వద్దు. దాని నూగులో ఇసుక ఇరుక్కుని పళ్ళని అరగదీస్తుంది, పైగా పెద్ద దవడ ఉన్న కుక్క గట్టిగా నొక్కితే బంతి అణిగి గొంతు వైపు జారే ప్రమాదం ఉంది. అదే సైజు రబ్బరు బంతి కొనండి. కుక్క నోట్లో పెట్టుకున్నప్పుడు దవడ పళ్ళ వెనక్కి పోయేంత చిన్న బంతి ఏదైనా సరే ఇంట్లో ఉంచకండి. కార్క్ బాల్, లెదర్ బాల్ జోలికి అసలు పోవద్దు, పళ్ళు విరుగుతాయి.

ఇక విసరడం. మొదటిసారి కుక్క లేకుండా మీరొక్కరే వెళ్ళి ప్రాక్టీస్ చేసుకోండి. బంతి నేల మీద ఉండగానే కర్ర కొస దాని మీద పెట్టి నొక్కితే టక్కున లోపలికి ఎక్కుతుంది. కుడిచేతి వాటం అయితే ఎడమ కాలు ముందుకి, కర్ర భుజం వెనక్కి, అక్కడి నుంచి నెత్తి మీదుగా తిన్నగా ముందుకి తెచ్చి మణికట్టు విదల్చాలి. బలం పెట్టకండి. జొన్న చేలో వడిసెలతో పిట్టల్ని తోలినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, చెయ్యి పొడవు పెరిగినట్టయితే కొసన వేగం దానంతట అదే పెరుగుతుంది. టీమిండియా నెట్స్‌లో త్రోడౌన్లు వేసే రఘు చేతిలో కనిపించే సైడ్‌ఆర్మ్ అనే బంతి విసిరే కర్ర కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది, దాంతోనే ఆయన పెద్ద పెద్ద బ్యాటర్లకి ఫాస్ట్ బౌలర్ల వేగంతో బంతులేస్తాడు.

బంతి నిట్టనిలువుగా ఆకాశంలోకి లేస్తోందంటే కర్రలోంచి ముందే బయటపడుతోందన్నమాట, చెయ్యి ఇంకాస్త ముందుకి వచ్చాక విదల్చండి. మీ కాళ్ళ ముందే నేలకి కొట్టుకుంటే ఆలస్యంగా వదులుతోంది, ఇంకాస్త ముందుగా విదల్చండి. కొత్త బంతి బిగుతుగా ఉండి కొన్నాళ్ళు ఇలాగే నేలకి కొట్టుకోవచ్చు, కంగారుపడి మార్చేయకండి. చెయ్యి పక్కకి తిప్పి మాత్రం విసరొద్దు. అది ఎవరి కారు అద్దం మీదికి పోతుందో చెప్పలేం.

విసిరే ముందు ప్రతిసారీ వెనక్కి ఒకసారి చూడండి. ఆ కర్ర ఊపు గట్టిగానే ఉంటుంది, వెనకాల చిన్నపిల్లాడు నిలబడి ఉండొచ్చు, లేదా మీ కుక్కే బంతి కోసం కర్ర మీదికి ఎగరొచ్చు.

బంతి ఎత్తుగా వెళ్ళకూడదు. ఈ ఒక్క ముక్క అందరూ వదిలేస్తారు. ఎత్తుగా పోయి టప్పాలు పడే బంతి చూడ్డానికి బాగుంటుంది, ఫోన్‌లో స్లో మోషన్ పెడితే ఇంకా బాగుంటుంది. కానీ ఆ వీడియోనే కాస్త ఆపి ఆపి చూడండి: కుక్క పరుగు మీద ఉండి గాల్లోకి లేస్తుంది, బంతి కోసం నడుము మెలితిరుగుతుంది, దిగేటప్పుడు మొత్తం బరువు ఒక్క వెనక కాలి మీద పడుతుంది. లాబ్రడార్లకి మోకాలి లిగమెంట్ తెగడం వెటర్నరీ డాక్టర్లు తరచూ చూసే సమస్య, చాలాసార్లు ఆపరేషన్ దాకా వెళ్తుంది. అందుకే బంతిని తక్కువ ఎత్తులో, నేలకి తగిలి దొర్లుకుంటూ పోయేలా విసరండి. ఇంకా మంచి పద్ధతి ఒకటుంది. కుక్కని పక్కన కూర్చోబెట్టి, బంతి విసిరి, అది పూర్తిగా ఆగాక అప్పుడు "తే" అని వదలండి. ఆగిన బంతి దగ్గరికి కుక్క తిన్నగా పోయి ఎత్తుకుంటుంది, దొర్లే బంతి మీద పడి సడన్ బ్రేక్ కొట్టే పని ఉండదు. మొదట్లో ఆగలేక మూలుగుతుంది, నాలుగు రోజుల్లో అలవాటు పడుతుంది.

మీది వీధిలోంచి తెచ్చుకున్న ఇండీ అయితే ఇదంతా ఇప్పుడే మొదలుపెట్టకండి. రోడ్డు మీద పెరిగిన కుక్కకి ఎత్తిన కర్ర అంటే ఒకటే అర్థం, దెబ్బ పడుతుందని. మీరు ఉత్సాహంగా లాంచర్ పైకి లేపగానే అది చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని మంచం కిందికి దూరుతుంది, మీరేమో ఇంత డబ్బు పెట్టి కొంటే ఆడదేంటి అనుకుంటారు. కర్రని కొన్నాళ్ళు హాల్లో నేల మీద పడేసి ఉంచండి, చుట్టూ చికెన్ ముక్కలో బిస్కెట్లో పెట్టండి, వచ్చి వాసన చూసుకుని తిననివ్వండి. తర్వాత గుంటలో బంతి పెట్టి మీరు కింద కూర్చుని నేల మీద దొర్లించండి. ఆ తర్వాత నిలబడి, నడుము ఎత్తు దాటకుండా మెల్లగా తోయండి. భుజం పైకి ఎత్తడం అన్నిటికన్నా చివర. మధ్యలో ఎక్కడ బెదిరినా ఒక మెట్టు వెనక్కి రండి. కొన్నిటికి ఆ భయం ఎప్పటికీ పోదు, వాటికి చేత్తోనే విసరండి, నష్టమేం లేదు.

బంతి వెనక పరిగెత్తుతుంది గానీ తెచ్చివ్వదు అనేది ఇంకో కంప్లయింట్. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ జాతుల్ని వేటలో పడిన పిట్టల్ని తెచ్చివ్వడానికే పెంచారు, వాటికి తేవడం రక్తంలో ఉంటుంది. ముధోల్, రాజపాళయం లాంటివి తరిమి పట్టే వేటకుక్కలు, పట్టుకోవడంతో వాటి పని అయిపోయినట్టే. తేవడం మనమే నేర్పాలి. దీనికి ఒకే రకం బంతులు రెండు కావాలి. మొదటిది దగ్గరగా విసరండి, నోట్లో పట్టుకోగానే రెండోది చూపిస్తూ మీరు వెనక్కి నడవండి. అది మీ వైపు వస్తుంది, రెండోదాని మీద ఆశతో నోట్లోది వదిలేస్తుంది, వదులుతుండగానే "వదులు" అనండి, వెంటనే రెండోది విసిరేయండి. నోట్లోంచి బంతి పీకొద్దు, వెంటపడొద్దు. మీరు వెంటపడితే దానికి ఆ ఆటే ఎక్కువ నచ్చుతుంది, ఇక జన్మలో తెచ్చివ్వదు. ఈ పాఠం వచ్చేదాకా దూరం పెంచకండి.

చోటు మన ఊళ్ళలో పెద్ద తలనొప్పి. మేడ మీద ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, బంతి పిట్టగోడ దాటితే కుక్క కూడా దాటుతుంది. రోడ్డు మీద బండ్లు, వీధి కుక్కలు. పిలిస్తే రాని కుక్క అయితే చుట్టూ గోడో కంచో ఉన్న చోటే వదలండి. హైదరాబాద్‌లో కొండాపూర్‌లో 2018లో జీహెచ్ఎంసీ కుక్కల కోసం పార్కు తెరిచింది, కానీ ఇలాంటి పార్కుల్లో నాలుగు కుక్కల మధ్య ఒక్క బంతి విసిరితే కొట్లాట ఖాయం కాబట్టి జనం లేని వేళకి వెళ్ళండి. స్కూల్ గ్రౌండ్ అయితే క్రికెట్ ఆడే పిల్లలు రాకముందే ముగించుకోవాలి, వాళ్ళ బంతి మీ కుక్క పట్టుకుందంటే ఆ రోజు మ్యాచ్ రద్దయినట్టే. విశాఖ బీచ్‌లో ఆడించేవాళ్ళు తాగడానికి మంచినీళ్ళు వెంట తీసుకెళ్ళండి, దాహానికి ఉప్పునీళ్ళు తాగితే వాంతులు, విరేచనాలు. జనవరి నుంచి వేసవి మొదలయ్యేదాకా ఆ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి, అప్పుడు కుక్కని ఇసుకలో వదలకపోవడమే మంచిది.

ఖాళీ ప్లాటు అయితే ముందు మీరు ఒకసారి నడిచి చూడండి. సీసా పెంకులు, ఇనుప తీగలు, గుంతలు, అన్నిటికన్నా ముఖ్యంగా పల్లేరు కాయలు. పరుగు మధ్యలో కుక్క హఠాత్తుగా ఆగి మూడు కాళ్ళ మీద నిలబడిందంటే సగం సార్లు పల్లేరు ముల్లే.

ఎండ విషయంలో మొహమాటం వద్దు. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పుతూనే చల్లబడాలి. మార్చి దాటాక పొద్దున ఏడు లోపు, లేదంటే పొద్దుపోయాక. సిమెంటు నేల మీద అరచెయ్యి వెనక భాగం పెట్టి ఐదారు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలు కూడా ఉంచలేవు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి చల్లటి వేళలో కూడా లాంచర్ వద్దు, రెండు మూడు సార్లు చేత్తో దొర్లిస్తే చాలు. ఏడాది నిండని పెద్ద జాతి పిల్లలకీ అంతే, వాటి ఎముకల పెరుగుదల ఇంకా పూర్తికాదు.

ఆట ఎంతసేపు? ముందు ఐదు నిమిషాలు మామూలుగా నడిపించండి. ఐదారు విసుర్లు, కాసిని నీళ్ళు, కాసేపు వాసనలు చూసుకుంటూ తిరగనివ్వడం, మళ్ళీ ఐదారు, చాలు. తక్కువ అనిపిస్తుంది, కానీ ప్రతి విసురూ అటూ ఇటూ కలిపి చాలా దూరం. నాలుక వెడల్పయి పక్కకి వేలాడుతున్నా, తెచ్చేటప్పుడు నడుచుకుంటూ వస్తున్నా, బంతితో నీడకి పోయి పడుకున్నా అక్కడితో ఆపేయండి, ఇంకొక్కటి అని విసరకండి. తూలడం, వాంతి, చిగుళ్ళు బాగా ఎర్రబడటం కనిపిస్తే వడదెబ్బ. వెంటనే నీడలోకి తెచ్చి ఒంటి మీద చల్లటి నీళ్ళు పోస్తూ, గాలి తగిలేలా చేస్తూ డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. కుక్క ఒంటి వేడి మామూలుగానే 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, 41 దాటితే ప్రాణం మీదికొస్తుంది.

ఇంటికొచ్చాక పాదాల మధ్య ముళ్ళు, చెవుల వెనక పిడుదులు చూడండి. అన్నం గంట ఆగి పెట్టండి, ముఖ్యంగా జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి లోతు ఛాతీ ఉన్నవాటికి తినగానే పరుగులు పెట్టించినా, రొప్పుతుండగా తినిపించినా కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. బంతి సబ్బునీళ్ళతో కడిగి కర్రతో పాటు అందని చోట పెట్టేయండి. కుక్కకి వదిలేస్తే రెండిటినీ నమిలి ముక్కలు మింగుతుంది, బాల్కనీలో ఎండలో వదిలేస్తే ప్లాస్టిక్ పెళుసుబారి విసురుతుండగా విరుగుతుంది. గుంట అంచు చీలితే ఆ రోజే పారేసి కొత్తది కొనుక్కోండి, ఆ పదును కుక్క మూతికి గుచ్చుకుంటుంది.