ఆరు రుచులు కలిస్తే ఒక క్వార్టర్: నాసిక్ వైనరీలకు బయల్దేరేముందు

హైదరాబాద్‌లో ‘వైన్స్’ అని బోర్డున్న దుకాణంలో దొరకనిదల్లా వైనే అని మా బావ జోకు. ఈమధ్య ఆ వైన్ కోసమే మనవాళ్లు నాసిక్ వైనరీల దాకా, అంటే ద్రాక్షతోటల్లోనే వైన్ తయారుచేసే చోట్ల దాకా పోతున్నారు. సంక్రాంతి దాటగానే ప్రతి ఆఫీసు వాట్సాప్ గ్రూపులోనూ ఎవరో ఒకరు ద్రాక్షతోట ఫొటో పెట్టి ‘ప్లాన్ చేద్దామా’ అంటారు. సగం మందికి అది షిర్డీ యాత్రకు తోక. నేను మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి చేసిన తప్పుల్లో చాలావరకు రెండోసారీ చేశాను కాబట్టి, ఇది రాసే అర్హత కొంత ఉందనుకుంటున్నా.

ముందు ఎప్పుడు వెళ్లాలో చూద్దాం. యూరప్‌లో ద్రాక్షకోత ఆగస్టు నుంచి అక్టోబరు దాకా జరిగితే, మన దగ్గర జనవరి నుంచి మార్చి దాకా. ఇక్కడ తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో ఒకసారి, వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకోసారి. ఆ రెండో కత్తిరింపు తర్వాత పట్టిన గుత్తులే జనవరికి పక్వానికొస్తాయి. జూలైలో వెళితే పచ్చటి ఆకులు, బురద తప్ప తోటలో ఏమీ కనపడదు. తేదీలు ఖాయం చేసేముందు డ్రై డేలు చూసుకోండి. మేం జనవరి 26 కలిసొచ్చిన లాంగ్ వీకెండ్ అని సంబరంగా టికెట్లు తీశాం. గణతంత్ర దినం నాడు మందు పోయరని రిసెప్షన్‌లో చెప్పేదాకా ఏడుగురిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ రోజంతా తోటలో ఎండకు కూర్చుని సోడా తాగాం. శని, ఆదివారాల్లో ముంబై, పుణె జనం దిగుతారు, అందుకని పనిరోజు పొద్దున వెళ్లడం మేలు. సింహస్థ కుంభమేళా 2015 తర్వాత మళ్లీ 2027లో వస్తోంది. ఆ రోజుల్లో నాసిక్‌లో గది దొరుకుతుందన్న ఆశతో బయల్దేరకండి.

ఇక అసలు విషయం, లెక్క. వైనరీలో రుచి చూపించే టేస్టింగ్ రూమ్‌లో ఒక్కో రకం 30 మిల్లీలీటర్ల చొప్పున పోస్తారు. అంత పెద్ద గ్లాసులో అది అడుగున మరకలా ఉంటుంది. ‘ఇంతేనా, దగ్గుమందు కన్నా కాస్త ఎక్కువ’ అనిపిస్తుంది. మోసమంతా అక్కడే ఉంది. షెనా బ్లాంక్, సోవిన్యో బ్లాంక్, రోజే, జిన్‌ఫాండెల్, షిరాజ్, కాబర్నే అని ఆరు రకాలు మింగితే 180 మిల్లీలీటర్లు. మన భాషలో క్వార్టర్! వైన్‌లో ఆల్కహాల్ 12, 13 శాతమే కాబట్టి అది విస్కీ క్వార్టర్‌తో సమానం కాదు, కానీ ఒక లార్జ్ పెగ్గుకు (60 మిల్లీలీటర్ల విస్కీకి) కాస్తే తక్కువ. ఒక్క వైనరీతో ఎవరూ ఆగరు కదా. మధ్యాహ్నానికి రెండోది, సాయంత్రానికి మూడోది. మూడు లార్జ్‌లు వేసుకున్నానని ఎవరూ అనుకోరు, ‘కొంచెం రుచి చూశా’ అనే అనుకుంటారు. మెల్లగా ఎక్కే చల్లటి పానీయం, పైగా చుట్టూ కబుర్లు.

మోటారు వాహనాల చట్టంలో గీత ఎక్కడుందో హైదరాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. దాటి దొరికితే మొదటిసారే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అరవై అయిదు కిలోల మగమనిషి పై ఆరు రకాలూ గంటలో మింగితే ఆ గీత అంచుకు చేరతాడు. యాభై కిలోల ఆడమనిషైతే దాటేస్తుంది. ఆడవాళ్ల ఒంట్లో నీటిశాతం తక్కువ కాబట్టి అదే మోతాదు రక్తంలో చిక్కగా నిలుస్తుంది. కాఫీ తాగితేనో, చన్నీళ్లు కొట్టుకుంటేనో నిద్రమత్తు వదులుతుందేమో గానీ రక్తంలో ఉన్నది పోదు. అది కాలేయం చేసుకునే పని, గంటల తరబడి జరిగే పని.

మా బావ దగ్గర ఈ లెక్కలేమీ పనిచేయలేదు. ‘ఏందిరా బామ్మర్ది, నాలుగు గుక్కలకే తాళాలు గుంజుకుంటవా?’ అన్నాడు. నేను గుంజుకోలేదు. అక్క ఏమీ మాట్లాడకుండా తాళాలు తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్ లాగేసింది. ఆ జిప్ చప్పుడుతో చర్చ ముగిసింది. అందరి ఇళ్లలోనూ అక్క ఉండదు కాబట్టి డ్రైవర్‌తో సహా కారు రోజుకింతని మాట్లాడుకోండి. తోటలు ఊరి బయట, గంగాపూర్ డ్యామ్ వైపు ఉంటాయి. పొద్దున యాప్‌లో క్యాబ్ తేలిగ్గానే వస్తుంది. చీకటి పడ్డాక తిరుగు క్యాబ్ కోసం గేటు దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడటం నాకు అనుభవమే. జనవరి రాత్రుల్లో అక్కడ చలి పది డిగ్రీల చుట్టుపక్కలకు దిగుతుంది, మధ్యాహ్నపు ఎండ చూసి స్వెటర్ గదిలో వదిలేయకండి. డ్రైవర్ భోజనం, టీ డబ్బులు ముందే ఇచ్చేయండి. పాపం ఆరు గంటలు పార్కింగ్‌లో కూర్చునేది ఆయనే.

షిర్డీ, త్ర్యంబకేశ్వర్ కూడా ఉంటే దర్శనాలన్నీ ముందు పెట్టుకోండి. త్ర్యంబకం నాసిక్‌కు ముప్పై కిలోమీటర్లే, షిర్డీ తొంభై. ‘మధ్యాహ్నం వైనరీ, సాయంత్రం హారతి’ అని కార్యక్రమం వేసినవాణ్ణి నేనే, నోటి వాసనతో క్యూలో నిలబడి తలెత్తలేకపోయినవాణ్ణీ నేనే.

ఇప్పుడు ఉమ్మడం గురించి. ఎంగిలి అంటే మనకున్న పట్టింపు వల్ల ఇది చాలామందికి మింగుడుపడదు. బల్ల మీద ఒక స్టీలు పాత్ర పెడతారు. బావ దాన్ని ఐస్ గిన్నె అనుకుని గ్లాసు చల్లబరచబోయాడు, పోసే అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. అది ఉమ్మడానికి, గ్లాసులో మిగిలింది పారబోయడానికి. వైన్‌ను నోట్లో నాలుగు మూలలా తిప్పి, పులుపు నాలుక మీద, వగరు చిగుళ్ల మీద తెలిశాక, పాత్ర మీదికి వంగి సన్నధారగా వదిలేయాలి. చేత్తో టిష్యూ పట్టుకోండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఆ వృత్తిలో ఉన్నవాళ్లంతా చేసేదే. ఉమ్మినా కొంత ఒంటికి పడుతుంది, కానీ లెక్క చాలా తగ్గుతుంది. ఉమ్మలేనంటే సగం తాగి సగం పారబోయండి. డబ్బులిచ్చాం కదా అని గ్లాసు ఖాళీ చేయడం మన రోగం.

ఖాళీ కడుపుతో అస్సలు వద్దు. నాసిక్ వెళ్లి మిసల్ పావ్ తినకుండా ఎవరూ ఉండరు, తినండి, కానీ ఆ కారానికి నాలుక మళ్లీ పనిలోకి రావడానికి ఓ గంట ఇవ్వండి. పాన్, జర్దా, పుదీనా బిళ్లలు రుచిని తినేస్తాయి. సెంటు, అత్తరు కొట్టుకుంటే మీకే కాదు, పక్కన నిలబడ్డవాళ్లకూ ముక్కు మూసుకుపోయినట్టే. ప్రతి రకానికీ ఒక గ్లాసు నీళ్లు తాగండి.

మందులు వాడేవాళ్లు సరదాగా తీసుకోకండి. షుగర్‌కు ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వాడుతుంటే మద్యం వల్ల చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, తూలడం చూసి చుట్టూ ఉన్నవాళ్లు ‘ఎక్కింది’ అని నవ్వుకుంటారు, అదే ప్రమాదం. పక్కనున్న ఒకరికైనా విషయం చెప్పి ఉంచండి, జేబులో గ్లూకోజ్ పెట్టుకోండి. మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లు, విరేచనాలకో పంటికో మెట్రోనిడజోల్ కోర్సులో ఉన్నవాళ్లు, నిద్రమాత్రలు వాడేవాళ్లు డాక్టరునడిగి మరీ వెళ్లండి. ఆస్తమా ఉన్న కొందరికి వైన్‌లో కలిపే సల్ఫైట్లు పడవు. గర్భిణులకు ఒక్క చుక్కా వద్దు. అయ్యప్ప దీక్షలో ఉన్నవాళ్లనీ, తాగననేవాళ్లనీ ‘రుచే కదా’ అని బలవంతపెట్టొద్దు.

తోటలో ఎదురుగా వేలాడే గుత్తి తెంపి నోట్లో వేసుకోకండి. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం దగ్గర్నుంచి రకరకాల మందులు కొడతారు, ఎప్పుడు కొట్టారో మీకు తెలీదు. రుచికి కూడా మనం ఎరిగిన ద్రాక్ష కాదు. వైన్ పండు చిన్నది, తోలు మందం, లోపలంతా గింజలు. ఒకప్పుడు మన హైదరాబాద్ చుట్టూ పండిన అనాబ్-ఎ-షాహీ, ఆ పెద్ద లేతాకుపచ్చ పండు తినేవాళ్ల పండు. ఆ తోటల చోట ఇప్పుడు వెంచర్లున్నాయి, అది వేరే ఏడుపు.

కోత రోజుల్లో లోపల ట్యాంకులు చూపిస్తే మూత దగ్గర తల పెట్టి వాసన చూడబోకండి. పులిసే రసం కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. గాలికన్నా బరువైనది, కిందే నిలుస్తుంది. మన ఊళ్లలో పాడుబడ్డ బావిలోకి దిగేముందు దీపం దించి చూసేవాళ్లు గుర్తుందా, ఆ భయమే ఇది. గైడ్ ఆగమన్న చోట ఆగండి. నేల తడిగా ఉంటుంది, హీల్స్ వద్దు. ద్రాక్ష తొక్కే సరదా ఉంటే కాళ్లకు గాట్లు, పగుళ్లు లేకుండా చూసుకోండి, పులుపుకు భగ్గుమంటాయి. పట్టీలు తీసేయండి. అక్క పట్టీ మువ్వ ఒకటి ఆ తొట్టిలోనే ఉండిపోయింది.

చివరికి సీసాలు. విమానంలో 24 శాతం నుంచి 70 శాతం దాకా ఆల్కహాల్ ఉన్న మద్యానికి మనిషికి అయిదు లీటర్ల పరిమితి. వైన్ అంతకన్నా తక్కువే కాబట్టి ఆ పరిమితిలోకి రాదు. అయితే విమానం ఒప్పుకోవడం వేరు, రాష్ట్రం ఒప్పుకోవడం వేరు. తెలంగాణ సుంకం కట్టని సీసాలు ఇక్కడ ఎక్సైజ్ వాళ్ల కంటపడితే నాసిక్ బిల్లు చూపించినా లాభం ఉండకపోవచ్చు. తేవాలనుకుంటే ముందే ఎక్సైజ్ శాఖనడగండి. నా పద్ధతి వేరు. నచ్చినదాని లేబుల్ ఫొటో తీసుకుని హైదరాబాద్‌లో పెద్ద దుకాణాల్లో వెతుక్కుంటాను. సూలా, ఫ్రాటెల్లి, గ్రోవర్ లాంటివి ఇక్కడా దొరుకుతాయి.

ఒక్కసారి మాత్రం షోలాపూర్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు కోసం ఒక ఎర్ర సీసా కొన్నాం. ఫిబ్రవరి చివర, నడిమధ్యాహ్నం, ఢాబా ముందు కారు ఎండలో పెట్టి అద్దాలు మూసి భోజనానికెళ్లాం. వేడికి లోపలి వైన్ ఉబ్బి బిరడాను పైకి తోసేసింది. తిరిగొచ్చేసరికి వెనక సీటు మీద ముదురు వంకాయ రంగు మరక. షోలాపూర్‌లో అన్నయ్యకు ఖాళీ సీసా ఇచ్చాం. కారులో ఆ పులిసిన వాసన ఉగాది దాకా ఉంది.