టేబుల్‌టాప్ బేస్‌బాల్ లీగ్‌లో పిచర్ల బ్యాటింగ్‌కు సొంత నియమాలు ఎలా పెట్టుకోవాలి?

స్ట్రాట్-ఓ-మ్యాటిక్, ఏపీబీఏ లాంటి ఆటల్లో నిజమైన ఆటగాళ్ల సీజన్ గణాంకాలే కార్డులుగా మారతాయి. పాచికలు వేసి మ్యాచ్ నడిపిస్తారు. స్నేహితులు కలిసి ఇలాంటి లీగ్ పెట్టుకుంటే, పిచర్ (బంతి విసిరేవాడు) బ్యాట్ పట్టే దగ్గర వాదన మొదలవుతుంది. క్రికెట్‌లో పదకొండో నంబర్ బ్యాటర్ ఎలాగో బేస్‌బాల్‌లో పిచర్ అలాగ. కానీ ఏడో ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం, మన పిచర్ అద్భుతంగా వేస్తున్నాడు, ఇప్పుడు బ్యాటింగ్ వంతు అతనిదే. ఉంచాలా, తీసేసి పించ్ హిట్టర్‌ని (అతని బదులు బ్యాటింగ్‌కు వచ్చేవాణ్ణి) దింపాలా? ఆ టెన్షన్ కోసమే ఈ ఆట ఆడతాం. ఏ నియమం రాసినా అది చెడకుండా చూడండి.

ముందు మీ కార్డులు ఏ సంవత్సరానివో చూడండి. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అమెరికన్, నేషనల్ అని రెండు లీగులు. 1972 వరకు రెండింటిలోనూ పిచర్లే బ్యాటింగ్ చేశారు. పిచర్ బదులు బ్యాటింగ్ చేసే డిజిగ్నేటెడ్ హిట్టర్‌ని 1973లో అమెరికన్ లీగ్ తెచ్చింది. నేషనల్ లీగ్ 2020 ఒక్క సీజన్ తప్ప 2021 దాకా పాత పద్ధతిలోనే ఉండి, 2022లో మారింది. 1965 కార్డులతో ఆడుతూ డిజిగ్నేటెడ్ హిట్టర్‌ని పెట్టడం నాకు అస్సలు నచ్చదు. రెండు లీగుల జట్లూ కలిసి ఉంటే ఎవరి మైదానమో వాళ్ల పద్ధతి పాటించండి. 1986 నుంచి చాలా ఏళ్లు రెండు లీగుల విజేతల మధ్య జరిగే వరల్డ్ సిరీస్ అలాగే జరిగింది.

అసలు చిక్కు చిన్న గణాంకాలతో వస్తుంది. ఏడాదంతా ఒక్కసారి బ్యాటింగ్‌కు వచ్చి హిట్ కొట్టిన రిలీవర్ (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్) సగటు, అంటే అవకాశాల్లో హిట్ల వాటా, 1.000. అంకెలను ఉన్నదున్నట్టు కార్డు మీదికి ఎక్కిస్తే అతను ప్రతిసారీ కొడతాడు. అందుకే ఒక హద్దు పెట్టండి. నా లెక్కలో 20 సార్లు సరిపోతుంది. అంతకు తక్కువ వచ్చినవాళ్లకు, 2022 నుంచి అసలు బ్యాట్ పట్టని పిచర్లకు ఒకే ఉమ్మడి కార్డు వాడండి. స్ట్రాట్-ఓ-మ్యాటిక్‌లో పిచర్ల కోసం నంబర్లు వేసిన ఉమ్మడి బ్యాటింగ్ కార్డులు ఉంటాయి. మీ ఆటలో లేకపోతే పది ముఖాల పాచికలు రెండు తీసుకుని 1 నుంచి 100 వరకు ఇలా రాసుకోండి: 1–10 సింగిల్ (ఒక బేస్ చేరే హిట్), 11 డబుల్ (రెండు బేస్‌లు), 12–14 వాక్ (నాలుగు తప్పుడు బంతులతో ఉచితంగా మొదటి బేస్), 15–57 స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్), మిగతావన్నీ మామూలు ఔట్. వాక్‌లు సగటు లెక్కలోకి రావు కాబట్టి అది .113 దగ్గర తేలుతుంది. 2021లో పిచర్లందరి సగటూ దాదాపు ఇంతే.

హద్దు దాటినవాళ్ల సొంత అంకెలను మాత్రం ముట్టుకోవద్దు. 1955లో డాన్ న్యూకంబ్ .359 సగటుతో 7 హోమ్ రన్లు కొట్టాడు. అతన్ని ఎంచుకున్నవాళ్లకు ఆ లాభం దక్కాలి. అలాగే 1962లో బాబ్ బూల్ 70 అవకాశాల్లో ఒక్క హిట్టూ కొట్టలేదు. అతన్ని తీసుకున్నవాళ్లు ఆ బరువూ మోయాలి.

న్యూకంబ్‌ లాంటివాళ్లను రోజూ పించ్ హిట్టర్‌గా దింపకుండా ఒక అడ్డు కావాలి. ఆ సీజన్లో నిజంగా పించ్ హిట్టర్‌గా వచ్చిన పిచర్‌కే అనుమతి ఇవ్వండి. మొత్తం బ్యాటింగ్ అవకాశాలు ఆ సీజన్ అసలు సంఖ్య కంటే పది శాతానికి మించి ఎక్కువ కాకూడదు. బంట్ (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తట్టడం) విషయంలో ఆటలో ఉన్న నియమమే చాలు.

బ్యాటింగ్‌లో గాయం వస్తే పిచర్‌కు అది వర్తించదని కొన్ని లీగులు రాసుకుంటాయి. నేను ఒప్పుకోను. 2015లో పిచర్ ఆడమ్ వైన్‌రైట్ బ్యాటింగ్ చేస్తూనే మడమ దగ్గరి అకిలీస్ తెగి నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. ఆ భయం ఉంటేనే పిచర్‌ని పరుగెత్తించే ముందు మేనేజర్ ఆలోచిస్తాడు.

ఇక పిచింగ్, బ్యాటింగ్ రెండూ చేసే షోహే ఒటానీ. ప్రారంభ పిచర్ తన బదులు తానే డిజిగ్నేటెడ్ హిట్టర్‌గా ఉండి, పిచింగ్ ఆపాక కూడా బ్యాటింగ్ కొనసాగించే వీలు 2022లో వచ్చింది. 2021లో అతను 46 హోమ్ రన్లు కొట్టాడు కానీ అప్పటికి ఆ నియమం లేదు. 2021 కార్డు వాడితే, పిచింగ్ నుంచి తీసేశాక అతన్ని ఫీల్డింగ్‌లో ఎక్కడైనా నిలబెట్టాలి, లేదా పూర్తిగా బయటికి పంపాలి.

ఇవన్నీ డ్రాఫ్ట్‌కు (ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవడానికి) ముందే రాసి అందరికీ పంపండి. బ్యాట్ పట్టగల పిచర్‌ని ఏ రౌండ్‌లో తీసుకోవాలో ఆ కాగితం చూసే తేల్చుకుంటారు.