నల్లమల నడకలో మొదటి రోజు కాస్త ఒళ్లు దాచుకోండి

శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలానికి నడిచి వెళ్లేవాళ్లను దేనికి భయమని అడిగితే, భీముని కొలను దగ్గరి ఎక్కుడు అంటారు. అక్కడ కూలబడేవాళ్లు ఉన్న మాట నిజమే. కానీ వాళ్ల ఓపిక చాలావరకు అయిపోయేది అక్కడ కాదు, ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి దాకా ఉన్న మొదటి దారిలో. పొద్దున్నే చల్లగా ఉంటుంది, చుట్టూ జనం, శివనామం. కాళ్లు వాటంతటవే పరుగెడతాయి. ఆ పరుగుకి వడ్డీ, దారిలో తర్వాత వచ్చే పెచ్చెరువు దాటాక కట్టాలి.

మొత్తం దారి 40 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఊళ్లో రోడ్డు మీద గంటకు ఐదు కిలోమీటర్లు నడిచే మనిషి అడవిలో, రాళ్ల మీద, మూటతో మూడు నడిస్తే గొప్ప. మెట్లు వస్తే అదీ ఉండదు. అందుకే రెండు రోజులు పెట్టుకోండి, మధ్యలో శిబిరం ఉన్నచోట రాత్రి ఆగండి. ఒక్క రోజులో వెళ్లామని చెప్పుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. చెప్పుకోనివ్వండి.

వేగం సరిగ్గా ఉందో లేదో చూడటానికి వాచీ అక్కర్లేదు. నడుస్తూ 'ఓం నమః శివాయ' అని పైకి అనండి. తెగకుండా వస్తే సరే. మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వేగం తగ్గించండి. ఎక్కుడులో ఆగి ఆగి పరుగెత్తడం కంటే అడుగు చిన్నది చేసి ఆగకుండా కదలడం మేలు. గంటకోసారి పది నిమిషాలు కూర్చోండి, అలసట వచ్చాక కాదు, రాకముందే. అరగంట పడుకుంటే మాత్రం కండరాలు బిగుసుకుపోయి లేవడమే కష్టమవుతుంది. పెద్ద విశ్రాంతి మధ్యాహ్నం ఎండకే ఉంచుకోండి. గుంపులో అందరికంటే నెమ్మదైన మనిషిని ముందు నడవనివ్వండి. వెనక పెడితే ఆ పెద్దాయన మిమ్మల్ని అందుకునేసరికి మీ విశ్రాంతి అయిపోతుంది, ఆయనకు అసలు దొరకదు.

భీముని కొలను లోయలో ఉంది. ముందు దిగాలి, తర్వాత కైలాస ద్వారం దాకా ఎక్కాలి. శ్రీశైలానికి మెట్లు కట్టించింది 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అంటారు. ఈ దారిలో రాతి మెట్లు ఒక కొలతలో ఉండవు, ఒకటి జానెడు, ఇంకొకటి మోకాలెత్తు. మోకాళ్లు పాడయ్యేది దిగేటప్పుడే. చేతికర్ర ఉంచుకోండి, దూకకండి, పక్కకి తిరిగి దిగినా తప్పులేదు.

అన్నదానం దగ్గర కడుపు నిండా తిని వెంటనే మెట్లెక్కకండి. కొంచెం కొంచెంగా నాలుగుసార్లు తినండి. వట్టి నీళ్లే లీటర్లకొద్దీ తాగినా ప్రమాదమే, చెమటలో పోయిన ఉప్పు తిరిగి రావాలి. ఓఆర్‌ఎస్ పొట్లాలు దగ్గర పెట్టుకోండి, పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. షుగర్‌కి మందు వాడేవాళ్లు ఉపవాసంతో నడవాలనుకుంటే ముందు డాక్టర్‌ని అడగాల్సిందే, ఇందులో మొహమాటం పనికిరాదు.

కాలు ఎక్కడైనా చురుక్కుమంటే అక్కడే ఆగి ప్లాస్టర్ వేయండి. పొక్కు లేచేదాకా ఆగకండి. దీక్షలో ఉండి వట్టి కాళ్లతో నడిచేవాళ్లు నెల ముందు నుంచే అలా అలవాటు చేసుకోవాలి. చెప్పులేసుకునేవాళ్లు కొత్త జత మాత్రం వద్దు, పాతదే హాయి.

ఇది పులుల అభయారణ్యం, సెల్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. చీకటి పడ్డాక నడవకండి, అడ్డదారులు పట్టకండి. ఛాతీలో నొప్పి వచ్చినా, ఎండలో మాట తడబడినా, ఇంకొంచెం దూరమే కదా అనుకోవద్దు. నీడలో కూర్చోబెట్టి, ఎండ దెబ్బ అయితే తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, దగ్గరి శిబిరానికి కబురు పంపండి.

ఇంకొకటి, చాలామంది లెక్కలో వేసుకోనిది: దర్శనం క్యూ. శివరాత్రికి గంటల తరబడి నిలబడాలి. ఊరు చేరగానే ముందు కూర్చుని, తిని, కాళ్లు కడుక్కుని, ఆ తర్వాతే లైన్లోకి వెళ్లండి. తిరుగు ప్రయాణం బస్సులోనే పెట్టుకోండి. రెండు రోజులు నడిచినవాళ్లు ఆ రాత్రి ఘాట్ రోడ్డులో బండి నడపకూడదు.