ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గకపోతే చార్టులో ఏం చూడాలి

సమస్య: సాయంత్రం దాకా కులాసాగా మాట్లాడిన రోగి అర్ధరాత్రి నొప్పితో మెలికలు తిరుగుతున్నాడు.

కారణం చాలాసార్లు మందు చాలకపోవడం కాదు, చార్టులో ఆ మందు పక్కన "ఎస్‌ఓఎస్" అని రాసి ఉండటం. రోగి అడిగితేనే ఇవ్వమని దాని అర్థం. మనవాళ్లు అడగరు, కోత పడ్డాక ఆ మాత్రం ఓర్చుకోవాలిగా అని పళ్లబిగువున పడుకుంటారు. చివరికి పక్కనున్న మనిషి సిస్టర్‌ని లేపి, సిస్టర్ డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి, ఇంజెక్షన్ పడేసరికి వెన్నులో ఇచ్చిన మత్తు ఎప్పుడో వదిలిపోయి ఉంటుంది.

పరిష్కారం: కాలేయం బాగున్న, 50 కిలోలు దాటిన పెద్దవారికి పారాసెటమాల్‌ను ఆరు గంటలకు 1 గ్రాము చొప్పున, అడిగినా అడగకపోయినా ఇచ్చేలా, మత్తు వదలకముందే మొదలుపెట్టి రాయాలి. అంతకన్నా తక్కువ బరువుంటే కిలోకు 15 మి.గ్రా. లెక్క కట్టాలి. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, రక్తస్రావం ముప్పు లేకపోతే డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందును తోడు చేయవచ్చు. గట్టి నొప్పి మందులైన ట్రమడాల్, మార్ఫిన్‌లను మాత్రం ఎస్‌ఓఎస్‌గా ఉంచవచ్చు. నొప్పి ఎంతుందని అడిగేటప్పుడు కదలకుండా పడుకున్న మనిషిని కాదు, ఒకసారి దగ్గమని చెప్పి అడగాలి.

సమస్య: పారాసెటమాల్ రోజుకు 4 గ్రాములు దాటిపోతోంది.

డ్రిప్పులో ఇస్తూనే, నోటి మాత్రలు మొదలవగానే ఎసిక్లోఫెనాక్‌తోనో ట్రమడాల్‌తోనో కలిపిన మాత్ర రాస్తాం. అందులోనూ 325 మి.గ్రా. పారాసెటమాల్ దాగి ఉంటుంది. కొత్తది రాసిన చేత్తోనే పాతదాన్ని కొట్టేయాలి.

సమస్య: ట్రమడాల్ ఇచ్చాక వాంతులు.

సిరలోకి గబగబా ఎక్కించడం ఒక కారణం. రెండు మూడు నిమిషాలు పట్టేలా నెమ్మదిగా ఇవ్వాలి. వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ ట్రమడాల్ పనితనాన్ని కొంత తగ్గించగలదు. మూర్ఛలున్నవారికి ట్రమడాల్ జోలికి పోకపోవడమే నా పద్ధతి.

సమస్య: మార్ఫిన్ తర్వాత రోగి "హాయిగా నిద్రపోతున్నాడు".

ఈ మాట వింటే నాకు భయం. పిలిస్తే కళ్లు తెరిచి, వాక్యం మధ్యలోనే మళ్లీ జోగుతున్నాడంటే అది నిద్ర కాదు, మార్ఫిన్ మత్తు ఎక్కువవడం. పొట్టమీద చెయ్యి వేసి, పూర్తిగా ఒక నిమిషం శ్వాసలు లెక్కపెట్టాలి. 8 కన్నా తక్కువుంటే మార్ఫిన్ ఆపి, ఆక్సిజన్ పెట్టి, సీనియర్‌ను పిలిచి, మార్ఫిన్‌కు విరుగుడైన నాలోక్సోన్ కొద్దికొద్దిగా ఇవ్వాలి. దాని ప్రభావం మార్ఫిన్ కన్నా ముందే తీరిపోవచ్చు కాబట్టి మనిషి మేలుకున్నాడని మంచం దగ్గరి నుంచి కదలకూడదు.

సమస్య: అన్నీ సరిగా ఇస్తున్నా నొప్పి ఉన్నట్టుండి పెరిగింది.

డోసు పెంచే ముందు దుప్పటి తీసి చూడాలి. మూత్రం నిలిచి పొత్తికడుపు ఉబ్బి ఉండవచ్చు, పొట్ట గట్టిపడి ఉండవచ్చు. కాలికి పిండికట్టు ఉంటే బొటనవేలిని మెల్లగా పైకి వంచి చూడండి: కెవ్వుమన్నాడంటే కట్టు లోపల కండరాల్లో ఒత్తిడి పెరిగిందేమోనని అనుమానించి, నాడి అందుతున్నా సరే, ఆ రాత్రే సర్జన్‌ను పిలిచి, కట్టును చర్మం కనబడేదాకా విప్పించాలి.