షుగర్‌కు మెంతులు: మాత్రలు మానకుండా ఎలా వాడాలి?

షుగర్ ఉందని తెలిసిన రోజు నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఒక ఆకు పేరు చెప్పి వెళ్తారు. పొడపత్రి, కాకర రసం, నేరేడు గింజల పొడి, తిప్పతీగ. మా అమ్మ మొదటి నెలలో వీటిలో మూడింటిని ఒకేసారి మొదలుపెట్టింది. షుగర్ కాస్త దిగింది కానీ దేనివల్ల దిగిందో ఎవరూ చెప్పలేకపోయారు. అందుకే నా పద్ధతి: ఒక్క మూలిక, ఒక నెల, పక్కన గ్లూకోమీటర్.

ముందు మూలికను ఎంచుకోండి

నేనైతే మెంతులే చెబుతాను. పోపుల డబ్బాలో ఉంటాయి, చూడగానే గుర్తుపడతాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఏళ్ల క్రితమే షుగర్ ఉన్నవాళ్లకు వీటిని ఇచ్చి చూసింది. నానబెట్టిన మెంతుల్లో చేతికి తగిలే జిగురు ఒక రకం పీచు. తిన్న అన్నంలోని చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా చేరకుండా అది నెమ్మదింపజేస్తుంది. నీళ్లు తాగి గింజలు పారేసేవాళ్లు అసలు సరుకును పారేస్తున్నట్టే.

పొడపత్రి ఆకు నమిలి చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుకలా ఉంటుంది, సరదాగా చూడొచ్చు. కానీ నాలుకకు తీపి తెలియకపోవడం వేరు, రక్తంలో షుగర్ తగ్గడం వేరు. కాకరను కూరగా తినండి, పరగడుపున గ్లాసుడు రసం వద్దు. తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై డాక్టర్లు బయటపెట్టారు.

బిళ్లగన్నేరు ఆకుల జోలికి మాత్రం అసలు పోకండి. 1950లలో కెనడాలో, షుగర్‌కు మంచిదని జమైకా నుంచి వచ్చిన ఈ ఆకును ఎలుకల మీద పరీక్షించారు. షుగర్ తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్ దొరికింది అలాగే! అలాంటి ఆకును రోజూ పొద్దున్నే నమలడం వైద్యం కాదు. పేరూ ఊరూ లేని పొడుల ప్యాకెట్లూ వద్దు. అలాంటి వాటిలో ఇంగ్లీషు మాత్రలు కలిపిన సందర్భాలున్నాయి.

డాక్టర్‌తో మాట్లాడండి

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే, మెంతులు తోడైతే షుగర్ మరీ పడిపోవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు, వేరుశనగ, శనగలు పడనివాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు. టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారుకాని రకం షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్‌ను ఒక్కరోజు కూడా ఆపకూడదు, ఏ ఆకూ దానికి బదులు కాదు.

వారం రోజులు కొలవండి

ఇంకా మెంతులు ముట్టకండి. పొద్దున పరగడుపున ఒకసారి, మెంతులు తినబోయే పూట టిఫిన్ గానీ భోజనం గానీ మొదలుపెట్టిన రెండు గంటలకు మరోసారి చూసి నోట్‌బుక్‌లో రాయండి. స్ట్రిప్పుల ఖర్చు ఎక్కువనిపిస్తే వారంలో మూడు రోజులు చాలు.

ఇప్పుడు నానబెట్టండి

రాత్రి ఒక చిన్న చెంచా మెంతులు, అంటే సుమారు 5 గ్రాములు, కడిగి అర గ్లాసు నీళ్లలో వేయండి. పొద్దున టిఫిన్‌కు అరగంట ముందు ఆ నీళ్లు తాగి, గింజలు నమిలి మింగండి. వారం తర్వాత పొట్ట బాగుంటే రాత్రి భోజనానికి ముందు మరో చెంచా. పరిశోధనల్లో ఇంతకంటే చాలా ఎక్కువ ఇచ్చారు, కానీ తొందరపడితే కడుపు ఉబ్బరం, విరేచనాలు తప్పవు. చేదు భరించలేకపోతే మొలకెత్తించండి, లేదా నానినవి రుబ్బి మజ్జిగలో కలుపుకోండి. చెమటకు మెంతుల వాసన వస్తుంది, కంగారు పడకండి.

థైరాయిడ్ మాత్ర పొద్దున్నే వేసుకునేవాళ్లు మెంతులను మధ్యాహ్న భోజనం ముందుకు మార్చుకోవాలి. పీచు వల్ల మాత్ర ఒంటికి సరిగా పట్టకపోవచ్చు.

షుగర్ పడిపోతే ఏం చేయాలి?

చెమటలు, చేతుల వణుకు, గుండె దడ వస్తే వెంటనే చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. పెరగకపోతే మళ్లీ తాగాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఆపైన మెంతులు ఆపి డాక్టర్‌ని కలవండి.

నెలయ్యాక లెక్క చూడండి

పాత వారం అంకెల పక్కన కొత్తవి పెట్టండి. మెంతుల పని ఎక్కువగా తిన్న తర్వాతి అంకెలోనే కనిపిస్తుంది. అది కదలకపోతే మానేయండి, మొహమాటం అక్కర్లేదు. తగ్గితే నోట్‌బుక్ డాక్టర్‌కి చూపించండి, మాత్ర తగ్గించాలా వద్దా ఆయనే చెప్పాలి. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, చేయించండి.

రాసేటప్పుడు ఆ రోజు ఏం తిన్నారో కూడా రాయండి. మా అమ్మ పుస్తకంలో ఒకచోట 268 ఉంటుంది. పక్కనే చిన్న అక్షరాల్లో ‘పెళ్లి, బొబ్బట్లు రెండు’ అని ఉంటుంది. మెంతులు ఆ పొద్దున కూడా తింది.